వంశవృక్షంలో 14 తరాలు, ఒక్క సర్వే నంబరూ లేదు

పొద్దున్నే ఇంకో వంశవృక్షం వాట్సాప్‌లో వాలింది. కృష్ణా డెల్టా నుంచి వలస వెళ్లి క్యాంపుల్లో, అంటే కొత్త కాలవల కింద వలస రైతులు కట్టుకున్న ఊళ్లలో, స్థిరపడ్డ ఒక రైతు కుటుంబానిది. పీడీఎఫ్, బంగారు రంగు అంచు, నాలుగు మూలలా నెమళ్లు. మూలపురుషుడు ప్రతాపరుద్రుడి దగ్గర సేనానాయకుడట. అక్కడి నుంచి ఇప్పటి మునిమనవల దాకా 14 తరాలట. కాకతీయ రాజ్యం కూలింది 1323లో. 700 ఏళ్లను 14తో భాగించండి. ఆ వంశంలో ప్రతి మగాడికీ యాభయ్యో ఏట మాత్రమే వంశోద్ధారకుడు పుట్టాడన్నమాట, వరసబెట్టి పద్నాలుగు సార్లు. కింద అందరూ దండాలు పెట్టారు గానీ భాగహారం ఒక్కరూ చెయ్యలేదు.

పోనీ సేనాపతిని వదిలేద్దాం. మనలో ఎవరి మూలపురుషుడు మాత్రం సేనాపతి కాడు చెప్పండి? 1832-33 నందన కరువులో గుంటూరు సీమలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. 1876-78 ధాత కరువులో సీమ జిల్లాల నుంచి జనం పొట్ట చేత పట్టుకుని పోయారు. ఆ పోయినవాళ్ల సంతానం ఎవరో మరి, ఒక్కరి పీడీఎఫ్‌లోనూ కనబడరు.

నాకు ఒళ్లు మండింది నాలుగో పేజీ దగ్గర. "1932లో తాతగారు తుంగభద్ర డ్యాము కింద 40 ఎకరాలు కొని క్యాంపు కట్టారు" అని రాశారు. తుంగభద్ర డ్యాము పని మొదలైందే 1945లో. కాలవకి నీళ్లు వదిలింది 1953లో. 1930ల్లో డెల్టా నుంచి బండ్లు కట్టుకుని వెళ్లినవాళ్లు చాలామంది వెళ్లింది నిజాంసాగర్ కిందికి. మంజీర మీద ఆ డ్యాము 1923లో మొదలై 1931కి పూర్తయింది. వాళ్లు దిగింది బోధన్, వర్ని, బాన్సువాడ వైపు. ఒక అన్న నిజాంసాగర్ కిందికి పోయి, ఇరవై ఏళ్ల తర్వాత తమ్ముడి కొడుకు తుంగభద్ర కింద గంగావతి వైపు పోతే, రెండూ "క్యాంపే" కాబట్టి మనవలు రెండు వలసల్నీ కలిపేసి ఒకే తాత నెత్తిన రుద్దేస్తారు. దీంతో పోయేది తారీఖు ఒక్కటే కాదు. నిజామాబాద్‌లో వెతకాల్సిన కాగితం కోసం కర్ణాటకలో తిరుగుతారు, దొరకదు, "రికార్డులన్నీ తగలబడిపోయాయంట" అని ఇంటికొస్తారు. ఏమీ తగలబడలేదు, మీరు వెళ్లింది వేరే రాష్ట్రానికి.

వలస కుటుంబం కూపీ లాగాలంటే మొదలుపెట్టాల్సింది వదిలేసి వచ్చిన పాత ఊళ్లో. ఎందుకంటే డెల్టాలో ఉన్న ఒకటి రెండు ఎకరాలు అమ్మితేనే అక్కడ పదో ఇరవయ్యో వచ్చింది. ఆ అమ్మకం దస్తావేజు తారీఖే వలస తారీఖుకి అన్నిటికన్నా దగ్గరి సాక్ష్యం. పైగా ఉమ్మడి ఆస్తి అమ్మేటప్పుడు మైనరు వాటా రేపు తగాదా కాకుండా కొన్నవాడు జాగ్రత్తపడతాడు. అందుకని అన్నదమ్ములందరి చేతా సంతకాలు పెట్టించి, మైనరు కొడుకుల పేర్లు, వయసులు రాయించి, "వీరి తరపున తండ్రి, గార్డియను" అని చేర్పిస్తాడు. ఒక్క కాగితంలో రెండు తరాలు, కొన్నిసార్లు మూడు.

అది పట్టుకోవడానికి ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, చాలదు. ఆన్‌లైన్‌లో ఈసీ 1983 నుంచే ఉంటుంది. అంతకు ముందువి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో చేత్తో వెతకాలి. భూముల దస్తావేజులు ఒకటో పుస్తకంలో, వీలునామాలు మూడో పుస్తకంలో. ఒకటో ఇండెక్సు మనుషుల పేర్లతో, రెండో ఇండెక్సు ఊరు, సర్వే నంబరుతో. పేరుతో వెతికితే ఒకే ఊళ్లో ఆరుగురు వెంకయ్యలు వస్తారు. అందుకని ముందు రెవెన్యూ వైపు ఆర్.ఎస్.ఆర్. (ఊరి భూముల రీసెటిల్‌మెంట్ రిజిస్టరు) చూసి సర్వే నంబరు, పట్టా నంబరు రాసుకోవాలి, తర్వాతే రిజిస్ట్రేషన్ ఆఫీసు గడప తొక్కాలి. కొత్త సబ్ రిజిస్ట్రారు ఆఫీసు పెట్టాక కూడా పాత వాల్యూములు మాతృ ఆఫీసులోనే ఉండిపోవడం మామూలే. జిల్లా పేర్లతో జాగ్రత్త. గుంటూరు జిల్లా వేరుపడింది 1904లో, పశ్చిమ గోదావరి 1925లో. అంతకు ముందు కాగితం మీద కృష్ణా అని ఉంటే మీ ఊరు ఏలూరు పక్కనే అయినా కంగారు పడక్కర్లేదు.

ఊరు జమీందారీదైతే ఇదంతా మారిపోతుంది. రైతు పేరు సర్కారు లెక్కలో కాదు, జమీందారు కచేరీ లెక్కలో ఉండేది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత జరిగిన సెటిల్‌మెంటులోనే చాలా ఊళ్లకు ఫెయిర్ అడంగల్, అంటే ఊరి భూముల మూల లెక్క, తయారైంది. అక్కడ 1910 నాటి ఆర్.ఎస్.ఆర్. అడిగితే లేదనే అంటారు, దాంట్లో వాళ్ల తప్పేమీ లేదు. తప్పంతా ఊరు ఏ ఎస్టేటులో ఉందో తెలుసుకోకుండా వెళ్లి, గుమస్తాని తిట్టి, ఆ తిట్టిన సంగతి పోస్టు పెట్టేవాళ్లది.

పట్టాదారు పేరు ఒక్కటే చూసి "తాతకి అన్నదమ్ములు లేరు" అని రాసేయడం ఇంకో జబ్బు. ఉమ్మడి కుటుంబంలో పట్టా పెద్దవాడి పేరునే ఉంటుంది, తమ్ముళ్లు కనబడరు. పంపకాలయ్యాక సర్వే నంబరు 112 కాస్తా 112/1, 112/2, 112/3 అవుతుంది. ఎఫ్.ఎం.బి. (పొలాల కొలతల పుస్తకం) పటంలో ఆ చీలికలు చూస్తే మూడు వాటాలు కనబడతాయి. అలాగని చీలిక కనబడగానే తమ్ముడు దొరికాడని చంకలు గుద్దుకోకండి. ముక్క అమ్మినా చీలికే, కూతురికి ఇచ్చినా చీలికే. పంపకాల దస్తావేజు చూసి ఖాయం చేసుకోవాలి.

పేర్ల సంగతి మరీ ఘోరం. తాత పేరు మనవడికి పెట్టే వంశంలో "సుబ్బయ్య కొడుకు వెంకయ్య" ఒకసారి వస్తాడు, రెండు తరాలకి మళ్లీ వస్తాడు, మధ్యలో పెదనాన్న కొడుకుల్లో ఇంకొకడు. మన పీడీఎఫ్ వీరులు ముగ్గుర్నీ ఒక్కడిగా కుట్టేస్తారు, ఆ వెంకయ్య 110 ఏళ్లు బతికేస్తాడు. విడదీయడానికి చెక్కుబందీ, అంటే దస్తావేజులో రాసే నాలుగు హద్దులు, ఉంది. నాలుగు దిక్కులా ఏ రైతు పొలముందో చూడండి. తూర్పు హద్దులో ఒక కాగితంలో తండ్రి, ఇంకో కాగితంలో అతని కొడుకు ఉంటే మధ్యలో ఒక తరం గడిచిందని లెక్క. పక్క పొలంవాడి వయసు బట్టి మీ తాత వయసు తేలుతుంది.

తారీఖులకొద్దాం. పాత కాగితం "రుధిరోద్గారి నామ సంవత్సర మాఘ బహుళ" అంటుంది. మనవాడు గూగుల్ చేసి 1923 అని రాస్తాడు. సంవత్సరం ఉగాదికి మొదలవుతుంది, మాఘం వచ్చేసరికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోతుంది. కాబట్టి అది 1924. ఈ పేర్లు అరవై ఏళ్ల చక్రంలో మళ్లీ మళ్లీ వస్తాయి, అందుకని అది ఈ చక్రమో, అరవై ఏళ్ల వెనకటి 1864నో కూడా తేలాలి. తిథితో పాటు వారం రాసుంటే పంచాంగంతో సరిపోల్చండి, రెండు చక్రాల్లోనూ వారం కలవడం అరుదు. అసలు దస్తావేజు ఇంట్లో ఉంటే స్టాంపు కాగితం చూడండి. విక్టోరియా రాణి ఉందా, ఐదో జార్జి ఉన్నాడా? ఫసలీ, అంటే పాత రెవెన్యూ సంవత్సరం, అయితే 590 కలపాలి. కానీ మద్రాసు ఫసలీ జులైలో మొదలవుతుంది, నిజాం ఫసలీ ఆజర్ నెలతో, అంటే అక్టోబరులో మొదలవుతుంది. 1340 ఫసలీ ఇక్కడ 1930 జులై నుంచి, అక్కడ 1930 అక్టోబరు నుంచి.

కొత్త ఊళ్లో ఏముంటుందంటే, అది గట్టును బట్టి. తుంగభద్ర ఎడమ గట్టున గంగావతి, సింధనూరు, మాన్వి 1956 నవంబరు 1 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోని రాయచూరు జిల్లా. పాత లెక్కలు ఉర్దూ, ఆ తర్వాతవి కన్నడం. కుడి గట్టున బళ్లారి వైపు 1953 అక్టోబరు 1 దాకా మద్రాసు రాష్ట్రం, తర్వాత మైసూరు. గంగావతి 1997 నుంచి కొప్పళ జిల్లా. నిజాంసాగర్ వైపైతే నిజాం కాలపు మూల భూమి రికార్డు సేత్వార్, ఏ పొలం ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో రాసిన 1954-55 ఖాస్రా పహాణీ, ఆ వెనకే చెస్సాల పహాణీ, పేరు మార్పులకి ఫైసల్ పట్టీ. ఖాస్రాలో పట్టాదారు గడి ఒక్కటే చూసి వచ్చేయకండి. అనుభవదారు గడి కూడా చూడండి. కౌలుకు దిగి తర్వాత కొనుక్కున్న వలస రైతు ముందు దొరికేది అక్కడే, రక్షిత కౌలుదార్ల రిజిస్టరులో కూడా ఉండొచ్చు. కర్ణాటకలో కౌలుదారైతే 1974 సవరణ తర్వాత సాగు చేసే భూమి తనకే ఇమ్మని ల్యాండ్ ట్రిబ్యునల్లో వేసిన ఫారం 7 వెతకాలి.

ఆంధ్ర వైపు ఉండిపోయిన శాఖకైతే అన్నిటికన్నా గొప్ప గని 1973 భూసంస్కరణల చట్టం కింద తమ భూమి, కుటుంబం లెక్క చెబుతూ ఇచ్చిన డిక్లరేషన్లు. భర్త, భార్య, మైనరు కొడుకులు, పెళ్లికాని మైనరు కూతుళ్లు, వయసులతో సహా. అబద్ధాల గని కూడా అదే. 1975 జనవరి 1 నాటికి మేజరైన కొడుకు ఉంటే 1977లో వచ్చిన 4-ఎ సెక్షన్ కింద సీలింగు, అంటే ఉంచుకోగల భూమి పరిమితి, పెరుగుతుంది. దాంతో ఎంతమంది పిల్లలు కాగితం మీద రాత్రికి రాత్రి మేజర్లయ్యారో! స్కూలు అడ్మిషన్ రిజిస్టరుతో పక్కపక్కన పెట్టి చూడాల్సిందే. ఆ రిజిస్టరులో అందరూ జులై 1నే పుడతారు, అది వేరే అద్భుతం.

మేజరు కూతురుంటే? పెరగదు. ఆవిడ లెక్కలోకి రాదు. ఇక్కడికొచ్చాక నాకు 1932 మీద కోపం పోయి అసలు కోపం గుర్తొచ్చింది.

ఆ పీడీఎఫ్‌లో 14 తరాల మగవాళ్ల పేర్లున్నాయి. ఆడవాళ్ల గళ్లలో "శ్రీమతి" అని ఉంది. ఉత్త శ్రీమతి. తర్వాత గీత. కూతుళ్లకి గీత కూడా లేదు. అడిగితే "ఆడవాళ్లని పెడితే చార్టు పట్టదండీ" అని జవాబు. నెమళ్లకి పట్టింది.

తద్దినం పెట్టేవాడు తండ్రి, తాత, ముత్తాతలతో పాటు తల్లి, నాయనమ్మ, ముత్తవ్వ పేర్లు కూడా చెప్పాలి, మాతామహుల పేర్లూ చెప్పాలి. పురోహితుడి నోటుబుక్కులో ఉన్న పేర్లు ఆర్ట్ పేపరు పుస్తకంలోకి ఎందుకు రావో ఎవరైనా చెప్పండి. ఆచారం అడ్డొచ్చిందనకండి, ఆచారమే గుర్తుపెట్టుకుంది.

అసలు ఆ 40 ఎకరాలు ఎవరి డబ్బుతో కొన్నారో తీయండి ఒకసారి. భార్యకి పసుపు కుంకుమ కింద పుట్టింటివాళ్లు ఇచ్చిన ఎకరం అమ్మి క్యాంపులో భూమి కొన్న కుటుంబాలు ఎన్ని లేవు? ఆ అమ్మకం దస్తావేజు రాసిచ్చింది ఆవిడ. ఒకటో ఇండెక్సులో ఆవిడ పేరు ఉంటుంది, "ఫలానా భార్య" అని. అంతకు ముందు పుట్టింటివాళ్లు రాసిన దఖలు (కానుక) దస్తావేజులో అదే మనిషి "ఫలానా కుమార్తె" అని, పుట్టింటి ఊరితో సహా దొరుకుతుంది. ఈ రెండు కాగితాలూ కలిపితే ఆవిడ ఎవరో తేలిపోతుంది. నోటిమాటతో ఇచ్చినవి బోలెడు, వాటికి కాగితం ఉండదు, నిజమే. ఉన్నవాటిని ఎవరు వెతికారు? "తాతగారు కొన్నారు." తాతగారు వేలిముద్ర వేశారు, బాబూ.

ఇల్లరికం వచ్చిన అల్లుడి దగ్గర ఈ అన్యాయం ఇంకా తమాషాగా ఉంటుంది. పొలం పేరు మారుతుంది, ఇంటిపేరు మారుతుంది, మనవాళ్లు "పొలం పరులకు అమ్మేశారు" అని రాసి చార్టు అక్కడితో ఆపేస్తారు. పరులెవరూ లేరు, కూతురు ఆ ఇంట్లోనే ఉంది, ఆవిడ పిల్లలే దున్నుకుంటున్నారు. ఇంటిపేరు ఒక్కటే పట్టుకుని వెతికితే వంశం సగం పక్కింటి ఖాతాలో పడుతుంది. దత్తు వెళ్లినవాడి కథ దీనికి తలకిందులు. రక్తం ఒకచోట, ఇంటిపేరు ఇంకోచోట. దత్తత పత్రం ఉంటే నాలుగో పుస్తకంలో వెతకండి.

1986లో హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ సవరణ వచ్చి, 1985 సెప్టెంబరు 5 నుంచి పెళ్లికాని కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో వాటా అన్నారు. 2005లో పెళ్లయినవాళ్లకీ అన్నారు. చట్టం గడి తెరిచిన కొద్దీ వంశవృక్షంలో ఆ గడి మూసుకుపోవడం యాదృచ్ఛికమేనట. కుటుంబ సభ్యుల సర్టిఫికెట్టు కోసం తహసీల్దారుకి ఇచ్చిన వంశవృక్షంలో మాయమైన చెల్లెలు, పదేళ్ల తర్వాత కోర్టు నోటీసులో ప్రత్యక్షమవుతుంది. అప్పుడు గుర్తొస్తుంది అందరికీ, మాకో చెల్లెలుందని.

ఇక వీళ్లతో పాటే డెల్టా నుంచి వెళ్లి, నల్లరేగడిలో తుమ్మలు నరికి, గట్లు పోసిన పాలేరు కుటుంబాల సంగతి చెప్పనే అక్కర్లేదు. భూమి లేదు, దస్తావేజు లేదు, పీడీఎఫ్‌లో "నమ్మినబంట్లు" అని ఒక వాక్యం. పేర్లు కావాలంటే ఉన్నాయి. క్యాంపు బడి అడ్మిషన్ రిజిస్టరులో పిల్లాడి పేరు, తండ్రి పేరు, తండ్రి వృత్తి గడిలో "కూలి" అని దొరుకుతాయి. పాత ఓటర్ల జాబితాలో ఇంటి నంబరు వారీగా మొగుడూ పెళ్లాం పక్కపక్కనే దొరుకుతారు. వెళ్లి అడగండి. అడిగితే గుమస్తాలు ముందు వేసే ప్రశ్న ఒక్కటే, "ఎందుకండీ, ఆస్తి తగాదానా?" అని. అవునని చెప్పండి, నకలు తొందరగా వస్తుంది.