సైకిల్ భక్తుల వల్ల పొంచి ఉన్న ముప్పు

కార్తీకమాసంలో పంచారామాలను సైకిల్ మీద, అదీ నాలుగైదు రోజులు తీసుకుని దర్శించే భక్తులు ఈ మధ్య గోదావరి డెల్టాలో అక్కడక్కడా కనిపిస్తున్నారు. తలకు హెల్మెట్, కళ్లకు రంగుటద్దాలు, ఒంటికి అతుక్కుపోయిన చొక్కా, పాత కారు ఖరీదు చేసే సైకిల్. చూసిన జనం ముచ్చటపడి ఫోటోలు తీసుకుంటున్నారు, పిలిచి టీ ఇప్పిస్తున్నారు. ఈ ఆదరణ చాలా ప్రమాదకరమైనదని మనవి చేయడానికే ఈ వ్యాసం. సైకిల్ తొక్కడం మోకాళ్లకు మంచిదా కాదా అన్నది డాక్టర్లు చూసుకుంటారు. నా ఆందోళన ప్రజాశాంతి గురించి.

మనకు ఇప్పటికే ఒక లోపం లేని యాత్రావిధానం ఉంది. ఆదివారం రాత్రి ఆర్టీసీ వారి పంచారామ ప్రత్యేక బస్సు ఎక్కితే తెల్లవారుజామున అమరావతిలో అమరేశ్వరుడు, ఆ తర్వాత భీమవరం గునుపూడిలో సోమేశ్వరుడు, పాలకొల్లులో క్షీరారామలింగేశ్వరుడు, ద్రాక్షారామంలో భీమేశ్వరుడు, చివరగా సామర్లకోటలో కుమారారామ భీమేశ్వరుడు. ఒక్క కార్తీక సోమవారంలో అయిదు దర్శనాలు. మధ్యలో నిద్ర. ఈ విధానంలోని గొప్పతనమంతా ఆ నిద్రలోనే ఉంది. భక్తుడు గుడి రాగానే లేస్తాడు, క్యూలో తోసుకుంటాడు, దణ్ణం పెట్టుకుంటాడు, వచ్చి మళ్లీ పడుకుంటాడు. గుడికీ గుడికీ మధ్య ఏముందో అతనికి తెలియదు, తెలుసుకోవాలన్న దురాశ కూడా లేదు.

సైకిల్ మీద నిద్రపోవడం కుదరదు. చిక్కంతా ఇక్కడే వచ్చింది.

శాస్త్రం కూడా నా పక్షానే ఉంది. వినాయక చవితినాడు చేతిలో అక్షతలు పట్టుకుని మనమంతా విన్న కథ గుర్తు తెచ్చుకోండి. మూడున్నర కోట్ల నదుల్లో మునిగి ముందుగా వచ్చినవారికే విఘ్నాధిపత్యమని శివుడు అనగానే కుమారస్వామి నెమలి ఎక్కి నిజంగానే బయల్దేరాడు. వినాయకుడు తల్లిదండ్రుల చుట్టూ ప్రదక్షిణ చేసి పదవి దక్కించుకున్నాడు. తిరిగినవాడు ఓడిపోయాడు, ఉన్నచోట ఉన్నవాడు గెలిచాడు. ఏటా ఇది విని, విన్నందుకు ఉండ్రాళ్లు కూడా తిని పెరిగిన జాతి మనది. సైకిల్ భక్తుడు ఇంత జరిగాక కూడా ఓడిపోయిన పక్షంలో చేరుతున్నాడు. పైగా ఈ పంచారామాల వ్యవహారమంతా ఆ కుమారస్వామి చలవే. తారకాసురుడి మెడలోని ఆత్మలింగాన్ని అయిదు ముక్కలు చేసింది ఆయన. సామర్లకోటలో ప్రతిష్ఠ చేసిందీ ఆయనే. తిరుగుడు అలవాటైన దేవుడు కాబట్టి ముక్కలు అంతంత దూరాన పడుతున్నా ఊరుకున్నాడు. అదే పని అన్నగారికి అప్పగించి ఉంటే అయిదూ ఒకే ప్రాకారంలో పడేవి, చెప్పుల స్టాండు కూడా ఒక్కటే సరిపోయేది.

పోనీ ఇందులో ఏమైనా సాహసం ఉందా అంటే అదీ లేదు. డెల్టాలో కొండలు ఉండవు. ఇరవయ్యొక్క గేర్ల సైకిల్ తెచ్చుకున్నవాడికి ఇరవై గేర్లు దండగ. మిగిలిన ఒక్కటీ చించినాడ వంతెన దగ్గరో యానాం-ఎదుర్లంక వంతెన దగ్గరో కాస్త పనికొస్తుంది. అంతకు మించిన ఎక్కుడు కావాలంటే ద్రాక్షారామం గుడి లోపలే ఉంది. తూర్పు చాళుక్యులు వెయ్యేళ్ల కిందట ఆ ఆలయాన్ని రెండంతస్తులుగా కట్టారు, స్వామి శిరస్సును చూడాలంటే మెట్లెక్కి పైకి వెళ్లాలి. రోజంతా తొక్కి వచ్చిన కాళ్లకు ఆ మెట్ల దగ్గర కలిగే భక్తి మామూలు భక్తి కాదని అంటారు. ఇక గాలి సంగతి. కార్తీకంలో ఇక్కడ ఈశాన్యపు గాలి వీస్తుంది. సంప్రదాయం తప్పకుండా అమరావతిలో మొదలుపెట్టి సామర్లకోటలో ముగించేవాడికి దారంతా దాదాపు ఎదురుగాలే. తెలివైనవాళ్లు సామర్లకోటలో మొదలుపెట్టి, కోటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కి ముక్తేశ్వరంలో దిగి, గాలి వీపు మీద చెయ్యి వేసి నెడుతుంటే అమలాపురం, రాజోలు మీదుగా పాలకొల్లు చేరుకుంటారు. ఏ వైపు నుంచి తొక్కితే పుణ్యం ఎక్కువో పండితులు తేల్చవలసి ఉంది.

శరీరం సన్నబడుతుందన్న ఆశతో వచ్చేవాళ్లకు ఒక్క మాట. దారిలో కాకినాడ కాజా ఉంది, అంబాజీపేట పొట్టిక్కలు ఉన్నాయి, నేతి పూతరేకులు ఉన్నాయి. అన్నిటికీ మించి, వద్దంటే నొచ్చుకునే మనుషులు ఉన్నారు. లెక్క మీరే వేసుకోండి.

నిజానికి ఈ ప్రాంతానికి సైకిల్ కొత్త కాదు. రావులపాలెం అరటి మార్కెట్‌కు తెల్లవారకముందే గెలలు కట్టిన సైకిళ్లు వస్తాయి. ముందూ వెనకా పక్కలా గెలలే, సైకిల్ ఎక్కడుందో వెతుక్కోవాలి. కూర్చుని తొక్కడానికి చోటు లేక పక్కన నడుస్తూ నెట్టుకొచ్చేవాళ్లూ ఉంటారు. కొబ్బరికాయలు, పాల క్యాన్లు, చేపల బుట్టలు, ఐసు పెట్టెలు అన్నీ ఈ గట్ల మీద సైకిళ్ల మీదే తిరిగాయి. వాళ్లను ఆపి ఎవరూ ఫోటో తీయలేదు, ఎవరూ దండ వేయలేదు. ఇందులో అన్యాయం ఏమీ లేదు. వాళ్లు గత్యంతరం లేక తొక్కుతున్నారు. గత్యంతరం ఉండీ తొక్కినప్పుడే అది తపస్సు అవుతుంది. ఈ సూక్ష్మం గెలల సైకిల్ పెద్దాయనకు మాత్రం ఎంత చెప్పినా ఎక్కదు. దారిలో ఆగి నీళ్లు తాగుతున్న యాత్రికుణ్ణి చూసి ఆయన తన బరువుతో సహా ఆగుతాడు.

“సైకిల్ పాడైందా బాబూ? సెంటర్‌లో రిపేరు కొట్టు ఉందండి.”

“పాడవలేదండి. యాత్ర చేస్తున్నాం.”

“ఎక్కడి నుంచండి?”

“హైదరాబాద్ నుంచండి.”

“అక్కడ బస్సులు లేవా అండి?”

పంచె లేకుండా గర్భాలయంలోకి వెళ్లబోయి వెనక్కి వచ్చిన భక్తుల గురించీ, కారుకూ మోటార్‌సైకిల్‌కూ రేటు రాసి సైకిల్‌కు రాయడం మరచిన పార్కింగ్ బోర్డుల గురించీ కూడా చెప్పవచ్చు. కానీ అవి చిన్న విషయాలు. అసలు ముప్పు దగ్గరికి వస్తాను.

ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాడు. అక్కడి నుంచి కాలువలు డెల్టా నలుమూలలకూ పాకాయి, కాలువ గట్లే చాలాచోట్ల రోడ్లయ్యాయి. కాబట్టి ఇక్కడ సైకిల్ తొక్కడమంటే రోజుల తరబడి కాలువ పక్కన తొక్కడమే. బస్సు కిటికీలోంచి కాలువ పచ్చగా కనిపిస్తుంది. కోనసీమ కదా, పచ్చగా ఉండక ఎలా ఉంటుందని భక్తుడు మురిసిపోతాడు. సైకిల్ మీద వెళ్లేవాడికి ఆ పచ్చదనం నీటి మీద పరుచుకునే గుర్రపుడెక్క అనే కలుపు మొక్క అని తెలిసిపోతుంది. దాని కింద ఏముందో కళ్లతో చూడనక్కర్లేదు, గాలే తెచ్చి చెబుతుంది. కాటన్ ఈ కాలువలను సాగుకే కాక పడవల రాకపోకలకు కూడా ఉద్దేశించాడు. ఇప్పుడు అందులో పడవ దింపితే గుర్రపుడెక్క దాన్ని ఎక్కడికీ పోనివ్వకుండా భద్రంగా పట్టుకుంటుంది. మునిగిపోతామన్న భయం లేని జలమార్గాన్ని ఆ దొర ఊహించి కూడా ఉండడు, మనం సాధించాం.

కృతజ్ఞత లేని జాతి అని మాత్రం మనల్ని ఎవరూ అనలేరు. డెల్టాలో ఎన్నో ఊళ్లలో కాటన్ దొర విగ్రహం ఉంది. మే 15న ఆయన జయంతికి దండలు వేస్తాం, భగీరథుడంటాం, కొందరు సంకల్పంలో ఆయన పేరు కూడా చెబుతారు. దండలు వాడిపోయాక విగ్రహానికి వెనక ఉన్న కాలువలోనే వేస్తాం. ఆయన సొత్తు ఆయనకే. ఊరి మంచినీళ్ల చెరువులోకి వెళ్లేదీ ఆ నీళ్లే, కార్తీక దీపాలు అరటి దొప్పల్లో పెట్టి వదిలేదీ ఆ నీళ్లలోనే. దీపం కొట్టుకుపోకుండా ఒకేచోట నిలబడి వెలుగుతుంటే ఇదంతా స్వామి మహిమ అని బస్సు భక్తులు చేతులు జోడిస్తారు. సైకిల్ భక్తుడు దిగి వంగి చూసి, దొప్పకు అడ్డుపడింది నీళ్ల సీసాల గుట్ట అని పదిమందికీ చెబుతాడు. ఎవరి విశ్వాసాలను దెబ్బతీస్తున్నారో ఆలోచించండి.

భీమవరం దగ్గరపడేకొద్దీ పొలాలు చెరువులవుతాయి. వరి ఉండవలసినచోట రొయ్య ఉంటుంది, చెరువు మధ్యలో ఏరియేటర్ల చక్రాలు రాత్రింబవళ్లు నురగ చిమ్ముతుంటాయి. బస్సు ఇక్కడ వేగం పెంచుతుంది. సైకిల్‌కు పెంచడానికి వేగం లేదు. అందుకని వాడు చూస్తాడు, చూసి ప్రశ్నలు వేస్తాడు. చెరువు పక్కనున్న వరిచేను ఎందుకు తెల్లబారింది? ఉప్పు ఊటా? మురుగు కాలువ పూడిపోతే వానాకాలం నీరు ఎటు పోతుంది? ఇవా భక్తుడు అడగవలసిన ప్రశ్నలు! బస్సు భక్తుడు అడిగేవి రెండే. టిఫిను ఎక్కడ, బాత్రూమ్ ఎక్కడ.

అడగడంతో ఆగినా బాగుండేది. జవాబు చెప్పేవాళ్లు కూడా దొరుకుతున్నారు. రోడ్డు మీద ఆరబోసిన ధాన్యాన్ని తొక్కకుండా దిగి సైకిల్ నడిపించుకుంటూ పోయేవాడంటే రైతుకు అభిమానం పుడుతుంది. కుర్చీ వేస్తాడు, కొబ్బరిబోండాం కొడతాడు, చెప్పడం మొదలుపెడతాడు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి ఖరీఫ్‌లో పొలాలను బీడు పెట్టిన సంగతి, దానికి ముందు మునిగిన చేల సంగతి, ఆ తర్వాత వచ్చిన వాగ్దానాల సంగతి వరసగా వస్తాయి. అన్నపూర్ణ అని పేరు పడిన నేలలో పండించనని రైతు భీష్మించుకున్న కథ వినడానికి యాత్రికుడికి ఒక పూట పడుతుంది. ఆ పూట పాలకొల్లు గోపురం చూడాలి కదా! తొమ్మిది అంతస్తుల గోపురాన్ని వదిలేసి మురుగు కాలువ గురించి విన్న మనిషికి పుణ్యం ఏ ఖాతాలో రాయాలి?

పూర్వం అందరూ నడిచే వెళ్లేవారు కదా అని కొందరు వాదిస్తారు. నిజమే. పుష్య అమావాస్యకు చొల్లంగిలో మునిగి, గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట్లన్నీ తిరిగి, మాఘ శుద్ధ ఏకాదశికి అంతర్వేది చేరే సప్తసాగర యాత్ర ఈ డెల్టాదే. అయితే ఆ నడిచినవాళ్ల చేతుల్లో కెమెరా ఫోన్లు లేవు. పైగా అప్పటి కాలువల్లో చూడదగ్గది నీరు తప్ప మరేమీ ఉండేది కాదు కాబట్టి నడిచినా ప్రమాదం లేకపోయింది.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. అప్పటికి ఈ సైకిల్ భక్తి ముదరకుండా అధికారులు మేలుకోవాలి. సైకిల్‌ను నిషేధించమని నేను కోరను, మనది ప్రజాస్వామ్యం. భక్తులనూ సైకిళ్లనూ ఒక గుడి దగ్గర లారీ ఎక్కించి, పైన పరదా కప్పి, తర్వాతి గుడి దగ్గర దింపాలి. అక్కడ కోనేటి చుట్టూ ఒక ప్రదక్షిణ తొక్కనివ్వాలి, ఫోటోగ్రాఫర్‌ను దేవస్థానమే ఏర్పాటు చేయాలి. చివరి గుడి దగ్గర సర్టిఫికెట్ ఇవ్వాలి, అందులో కిలోమీటర్ల గడి ఖాళీగా వదలాలి, ఎవరికి తోచిన అంకె వారు వేసుకుంటారు. గెలలు తెచ్చేవాళ్లు ఈ పథకానికి అర్హులు కారని ముందే ప్రకటించాలి, లేకపోతే మార్కెట్‌కు అరటి రావడం ఆగిపోతుంది. ఇంత చేసినా రోడ్డు మీదే తొక్కుతామని మొండికేసేవారి దగ్గర, కాలువ వైపు తల తిప్పబోమని, ఏ రైతు కుర్చీ వేసినా కూర్చోబోమని పది రూపాయల స్టాంపు కాగితం మీద హామీ రాయించుకోవాలి. స్టాంపు కాగితం, పెన్ను ఎవరివి వారే తెచ్చుకోవాలి.