కడుపు నిండిందా అని కూడా అడగాలి

తెలంగాణ పల్లెల్లో మనిషి నెల ఖర్చు సగటున 5,435 రూపాయలు. 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే తేల్చిన అంకె ఇది. దేశంలోని గ్రామాల సగటు 4,122 రూపాయలే. సంతోషించవలసిన విషయమే, దీన్ని మేము తక్కువ చేయడం లేదు. అయితే ఈ అంకె చూపించి నారాయణపేట జిల్లా కోస్గి పరిసర పల్లెల్లోనో నల్గొండ జిల్లా చందంపేట తండాల్లోనో అందరూ తృప్తిగా తింటున్నారని ఎవరూ చెప్పలేరు. ఒకే నల్గొండ జిల్లాలో సాగర్ నీళ్లు పారే మిర్యాలగూడ ఉంది, వానకోసం ఆకాశం చూసే దేవరకొండ మెట్ట ఉంది. రెంటినీ కలిపి తీసిన సగటు ఏ ఇంటిదీ కాదు.

సర్వే చేసేవారి శ్రమను తప్పుపట్టలేం. 2022-23లో దేశమంతటా 2,61,746 కుటుంబాలను కలిశారు. ఒక్కో ఇంటికి నెలకోసారి చొప్పున మూడు నెలల్లో మూడేసి సార్లు వెళ్లారు. బియ్యం, పప్పులకు గడచిన 30 రోజుల లెక్క, కూరగాయలకు, నూనెకు, గుడ్లకు 7 రోజుల లెక్క అడిగారు. ఇల్లు ఏం కొన్నదో, ఏం వాడిందో ఇంత వివరంగా చెప్పే లెక్క మరొకటి లేదు. చిక్కల్లా ఆ లెక్కను ఆకలి లెక్కగా చదవడంలోనే ఉంది.

తిండిగింజల సంగతే చూడండి. గ్రామీణ ఖర్చులో వాటి వాటా 2011-12లో 10.75 శాతం, 2022-23 నాటికి 4.91 శాతం. ఉచిత రేషన్ బియ్యానికి జేబులోంచి డబ్బు పోదు కనుక వాటా తగ్గక తప్పదు. దాన్నిబట్టి జనం కూడు దాటి పండ్లకూ పాలకూ చేరుకున్నారని అనుకోవడం తొందరపాటు. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో మొదలైన సన్నబియ్యం పథకం నిజంగా మేలు చేసింది. కానీ మనిషికి నెలకు ఆరు కిలోలంటే రోజుకు 200 గ్రాములు. మట్టి పని చేసే మనిషికి అది ఒక పూటకు సరిపోతుందేమో. మిగతా బియ్యం, పప్పు, కూర కూలి డబ్బుతోనే రావాలి.

ఆ కూలి అన్ని నెలలూ దొరకదు. సర్వే ఏడాది పొడవునా నడిచినా ఒక్కో ఇంటి లెక్క మాత్రం ఆ మూడు నెలలదే. పాలమూరు నుంచి ముంబయికో పుణెకో పోయిన కుటుంబం ఇంటికి తాళం ఉంటుంది. తాళం ఉంటే ఆ ఇంటికి బదులు మరో ఇంటిని తీసుకునే పద్ధతి ఉంది. ఎవరి తిండి సంగతి ముందుగా తెలుసుకోవాలో వారే లెక్కలోంచి జారిపోతున్నారు.

ఈ వ్యయ లెక్కలు తీసే జాతీయ నమూనా సర్వే ఒకప్పుడు తిండి చాలుతోందా అన్న సంగతి సూటిగానే అడిగేది. ఇంట్లో అందరికీ రెండు పూటలా తిండి దొరుకుతోందా, ఏడాదంతానా, కొన్ని నెలలేనా అని 1983లోనే అడిగింది. 2004-05లో గ్రామాల్లో 97 శాతానికి పైగా కుటుంబాలు దొరుకుతోందనే చెప్పాయి. ఇటీవలి రెండు సర్వేల ఫలితాల్లో ఆ జవాబు కనిపించదు. పాత ప్రశ్నకూ లోపముంది. మా ఇంట్లో తిండికి లేదని ముక్కూ మొహం తెలియని అధికారి ముందు ఒప్పుకోవడానికి ఎవరికైనా ప్రాణం చివుక్కుమంటుంది. అందుకే ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఎనిమిది ప్రశ్నలు రూపొందించింది. తిండి చాలదేమోనన్న దిగులు కలిగిందా అని మొదలుపెట్టి, ఒక పూట మానేశారా, రోజంతా పస్తున్నారా అన్నంత వరకూ అవి మెల్లగా వెళతాయి.

ఈ ఎనిమిది ప్రశ్నలనూ వ్యయ సర్వేలో చేర్చాలని మేము కోరుతున్నాం. రాష్ట్రాలు తమ నమూనాతో జాతీయ సర్వేల్లో పాలుపంచుకునే వీలుంది కనుక, తెలంగాణ ప్రభుత్వం నారాయణపేట, నాగర్‌కర్నూల్, నల్గొండ జిల్లాలకు విడిగా అంకెలు వచ్చేటంత పెద్ద నమూనా తీసుకోవాలి. ప్రశ్నలు ఇంటి యజమానిని కాక, అందరికీ వడ్డించి చివర్న కూర్చునే ఇల్లాలిని, ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు అడగాలి. ఏ నెలలో తక్కువ పడిందో అదీ రాసుకోవాలి.