‘ఇప్పుడు సూడు’ గారికి బహిరంగ లేఖ

కడప,
ఆదివారం, సంగటి తిని నడుం వాల్చే వేళ.

మహారాజశ్రీ ‘ఇప్పుడు సూడు, ఇప్పుడు సూడు’ అనే అలవాటు గారి సముఖానికి,

‘మిస్సమ్మ’ను తమరితో కలిసి చూడక తప్పని ప్రేక్షకులు చేసుకునే మనవి.

ఆ సినిమా 1955 జనవరి 12న విడుదలైంది. డెబ్భై ఏళ్ళు దాటినా ముసలీ ముతకా, పిల్లా జెల్లా ఒక్క గదిలో కూర్చుని నవ్వగలిగే సినిమా. ఆ గదిలోకి అందరికన్నా ముందొచ్చేది తమరే. ఫ్యాను కింద చోటు తమరిది, ఉడకబెట్టిన శెనక్కాయల గిన్నె తమరి ఒళ్ళో, రిమోట్ తమరి తొడ కింద. వంద సార్లు చూసిన సినిమా అని తమరే చెప్పుకుంటారు. మా అనుమానం, తమరు దాన్ని ఒక్కసారీ చూడలేదని. వంద సార్లు చెప్పారంతే.

పేర్లు పడేటప్పుడే మొదలు. నిర్మాత నాగిరెడ్డి పేరు కనపడగానే ‘మనోడే గదప్పా, పొట్టిపాడు’ అంటారు. ఈ ఒక్క మాట మాఫీ. బి. నాగిరెడ్డి ఈ జిల్లా పొట్టిపాడులోనే పుట్టారు, గర్వపడాల్సిందే. కానీ తమరు పొట్టిపాడులో ఆగరు. అక్కణ్ణుంచి ‘చందమామ’ పత్రికకు, అక్కణ్ణుంచి వాహిని స్టూడియోకు, అక్కణ్ణుంచి అన్నగారు బి.ఎన్. రెడ్డికి, పనిలో పనిగా పక్క జిల్లా తాడిపత్రి కె.వి. రెడ్డికి పోతారు. ఈ సినిమాకు కె.వి. రెడ్డికి సంబంధమే లేదు, తీసింది ఎల్.వి. ప్రసాద్. ఆ పేరు తెరమీద పడి వెళ్ళిపోతుంది, తమరింకా తాడిపత్రి బస్టాండులోనే ఉంటారు.

సావిత్రి వచ్చిందంటే తమరికి భానుమతి గుర్తొస్తుంది. కథానాయిక మేరీ వేషానికి ముందు భానుమతిని పెట్టుకోవడం, కొంత షూటింగు అయ్యాక ఇంకో నిర్మాత చక్రపాణితో పొసగక ఆమె తప్పుకోవడం, రెండో కథానాయికగా ఉండాల్సిన సావిత్రి మేరీ కావడం, ఆ ఖాళీలోకి జమున రావడం, అన్నీ నిజాలే. నిజమైనంత మాత్రాన పాజ్ నొక్కి చెప్పాల్నా? పక్కనున్న పెద్దాయన ‘అదే భానుమతి చేసుంటేనా...’ అని అందుకుంటాడు. తీయని సినిమా మీద పావుగంట పంచాయితీ నడుస్తుంది. ఎవరో విసిగి మళ్ళీ ప్లే నొక్కేసరికి అంతకు ముందు సీను ఏందో ఒక్కరికీ గుర్తుండదు.

అసలు విషయానికొస్తాం. ముందే తెలిసిపోవడం ఈ సినిమాకు దెబ్బ కాదు. అప్పాపురం జమీందారు గోపాలం తన బడికి టీచర్లుగా భార్యాభర్తలే కావాలంటాడు, ఇద్దరూ బి.ఏ. అయి ఉండాలంటాడు. పెళ్ళికాని రావు (రామారావు), పెళ్ళికాని మేరీ మొగుడూ పెండ్లాలమని చెప్పి చేరతారు. వాళ్ళకు పెళ్ళి కాలేదన్న సంగతి వాళ్ళకు తెలుసు, వెంటనున్న దేవయ్యకు తెలుసు, మనకు తెలుసు. జమీందారు దంపతులకు తెలియదు. చిన్నప్పుడు తప్పిపోయిన వాళ్ళ పెద్దకూతురు మహాలక్ష్మి ఎవరో మనం ఎప్పుడో కనిపెట్టేస్తాం, మేరీకే తెలియదు. అందరికన్నా ఎక్కువ వెతికేది డిటెక్టివ్ రాజు, అందరికన్నా తక్కువ తెలిసిందీ ఆ రాజుకే. ఎవరికి ఏది తెలుసన్న లెక్క మీదే మూడు గంటల నవ్వు నడుస్తుంది. ఆ లెక్క మొత్తం చేతిలో ఉన్నది ప్రేక్షకుడికి. కాబట్టి ‘నాకు ముందే తెలుసు’ అని తమరు రొమ్ము విరుచుకోవడంలో గొప్పేం లేదు, టికెట్టు కొన్న ప్రతివాడికీ తెలుసు.

తమరు పాడుచేసేది ఇంకోటి. ఇందులో నవ్వు మూడు ముక్కలుగా వస్తుంది. జమీందారో, ఆయన భార్యో ఆప్యాయంగా ఓ మాటంటారు. రావు తడుముకోకుండా ఓ అబద్ధం అల్లుతాడు. మూడో ముక్కలో మాట ఉండదు, మేరీ మొహం ఉంటుంది. కళ్ళు పక్కకు తిరుగుతాయి, పెదవి బిగుసుకుంటుంది, అంతలో తాను ఇంకొకరి ఇంట్లో ఇంకొకరి పెండ్లాంగా నిలబడ్డ సంగతి గుర్తొచ్చి కోపాన్ని మింగుతుంది. రెండు మూడు సెకన్ల పని. సరిగ్గా రెండో ముక్కకూ మూడో ముక్కకూ మధ్య తమరు ‘ఇప్పుడు సూడు, ఇప్పుడు సూడు!’ అంటారు. గదిలో తలలన్నీ తమరివైపు తిరుగుతాయి. మళ్ళీ తెరవైపు తిరిగేసరికి కోపం మింగడం అయిపోయి ఉంటుంది. సూడమన్నది తమరే, సూడనీయంది తమరే.

ఆ ఖాళీ ఎందుకుందో తెలుసా? హాల్లో వెయ్యిమంది ఒక్కసారి నవ్వితే తర్వాతి మాట వినపడదు. హాలు కోసం తీసిన హాస్యంలో నవ్వుకు చోటు వదిలిపెట్టాల్సిందే. ఇంట్లో అయిదుగురే ఉంటారు, వాళ్ళలో ఒకరు నిద్రలో ఉంటారు. వెయ్యిమంది కోసం వదిలిన చోటు అయిదుగురికి బోసిగా కనపడుతుంది, తమరికి నోట్లో దురద పుడుతుంది. చేయాల్సిందల్లా రావు మాట ముగిశాక షాట్ మారేదాకా నోట్లో ఒక శెనక్కాయ వేసుకోవడం. ఒలవకుండా కాదు, ఒలిచి. ఆ చిటపట కూడా మాకొద్దు.

ఇక రిమోట్. తెరకు రెండు పక్కలా నల్లపట్టీలు కనపడితే తమరికి పైసలు పోయినట్టుంటుంది. ‘నలభైమూడు ఇంచీలు కొన్నది ఇందుకేనా’ అంటారు. ఆ కాలం సినిమా బొమ్మ ఇంచుమించు నాలుగుకు మూడు పాళ్ళది, టీవీ పదహారుకు తొమ్మిది. 43 అంగుళాల టీవీ వెడల్పు దాదాపు 95 సెంటీమీటర్లు. అందులో బొమ్మకు కావాల్సింది 71. మిగిలింది పక్కకు 12 చొప్పున నలుపు. అది లోటు కాదు, కొలత. తమరు ‘ఫుల్’ నొక్కితే బొమ్మ అడ్డంగా మూడోవంతు సాగుతుంది. జమీందారు వేషం వేసిన ఎస్వీ రంగారావు నిండు మనిషి, ఆయన్ను ఇంకా మూడోవంతు పెంచే అధికారం తమరికెవరిచ్చారు? దేవయ్య వేషంలోని రేలంగి బొంగరమవుతాడు. ఆకాశంలో చందమామ సరిగ్గా కోడిగుడ్డవుతుంది.

‘జూమ్’ నొక్కితే ఇంకా ఘోరం. సాగదు గానీ బొమ్మలో నాలుగోవంతు తెగిపోతుంది, పైన సగం, కింద సగం. పైన రామారావు క్రాపు పోతుంది, సర్దుకుంటాం. కింద కాళ్ళు పోతాయి! ఈ కథలో మహాలక్ష్మికి ఉన్న ఒకే ఒక్క ఆధారం పాదం మీది పుట్టుమచ్చ అయ్యా. రాజు కళ్ళు జనం కాళ్ళ మీద పెట్టుకుని తిరుగుతుంటాడు. తమరు ఆ కాళ్ళనే కోసేసి ‘ఏం వెతుకుతున్నాడు వీడు’ అని మమ్మల్నే అడుగుతారు.

యూట్యూబ్‌లో ఎవరో ముందే సాగదీసి పెట్టిన కాపీ అయితే టీవీని 4:3కు మార్చండి, బొమ్మ మళ్ళీ కుదురుతుంది. నల్లపట్టీలతో సహా పెట్టిన కాపీ అయితే 4:3 జోలికి పోవద్దు, మనుషులు వెదురుబొంగులవుతారు. పైనా కిందా ముందే కోసిన కాపీకి ఏ మీటా పనిచేయదు, ఇంకోటి వెతుక్కోవడమే. ‘వివిడ్’ తీసేసి సినిమా మోడ్ పెట్టండి. కెమెరామన్ మార్కస్ బార్‌ట్లీ వెన్నెలంటే తెలుగువాళ్ళకు ఒక పేరు. వివిడ్‌లో ఆ వెన్నెల కడప మే నెల మధ్యాహ్నమై కూర్చుంటుంది. కాపీకే నీలమో పచ్చో అంటుకుని ఉంటే కలర్‌ను సున్నాకు తెండి, మచ్చ పోతుంది. కదలికను నున్నగా చేసే మీట ఒకటుంటుంది, అది కూడా ఆపేయాలి. లేకపోతే మనుషులు సీరియల్లో నడిచినట్టు జారుతూ నడుస్తారు. సౌండ్‌లో ‘సరౌండ్’ వద్దు, ఒకే వైపు నుంచి రావాల్సిన గొంతు బావిలోంచి వచ్చినట్టుంటుంది. ఇవన్నీ సినిమాకు ముందు అయిదు నిమిషాల పని. తమరు సినిమా మధ్యలో చేస్తారు.

పాటల దగ్గర తమరు గొంతు కలుపుతారు, అందుకు మా అభ్యంతరం లేదు. ఎస్. రాజేశ్వరరావు బాణీకి గొంతు కలపకుండా కూర్చోగలిగినవాడు మనిషే కాదు. కానీ ‘రావోయి చందమామ’ను పెండ్లి రిసెప్షన్‌లో ఆర్కెస్ట్రా వాళ్ళతో పాడించడం తమరి సలహానే గదా? పింగళి నాగేంద్రరావు రాసిన ఆ పాటలో మొగుడూ పెండ్లాల వేషంలో ఉన్న ఇద్దరూ ఒకరి మీద ఒకరు చంద్రుడికి ఫిర్యాదు చేసుకుంటుంటారు. ఎ.ఎం. రాజా, పి. లీల అంత మెత్తగా పాడారు కాబట్టి సరిపోయింది గానీ, చరణాలు వింటే అది పోలీస్ స్టేషన్లో ఇచ్చే అర్జీ. కొత్త జంట మీద అక్షింతలు పడేటప్పుడు వేయాల్సిన పాటా అది?

‘ఆడువారి మాటలకు’ పాట సంగతీ అంతే. 2001లో ‘ఖుషి’లో మళ్ళీ వినపడింది కాబట్టి కుర్రవాళ్ళూ దాన్ని సామెతలా వాడతారు. పాడుతున్న పెద్దమనిషి ఎవరు? ఊరంతటికీ పెళ్ళైందని అబద్ధం చెప్పి జీతం తీసుకుంటున్నవాడు. ఆయన ఆడవాళ్ళ మాటలకు అర్థాలు వెతకడమే అసలు జోకు. తమరు జోకును వదిలేసి సామెతను పట్టుకున్నారు.

రామారావు అభిమానులు, నాగేశ్వరరావు అభిమానులు ఎవరి వేషం పెద్దదని కొలుచుకునే ముచ్చట మాకొద్దు. 1953లో ‘దేవదాసు’తో జనాన్ని ఏడిపించిన నాగేశ్వరరావు ఇక్కడ అమాయకపు డిటెక్టివ్‌గా తిరుగుతున్నాడు, అదే చాలు.

ఇరవై దాటిన పిల్లలు చూస్తే వేరే మాటలంటారు. ఇద్దరు బి.ఏ.లు ఉద్యోగం దొరక్క దొంగపెండ్లి కథ అల్లడం వాళ్ళకు నవ్వు తెప్పించదు. డీఎస్సీ నోటిఫికేషన్‌లో ఆ షరతే పెడితే కోచింగ్ సెంటర్ మెట్ల మీదే జతలు కుదురుతాయని లెక్కలేస్తారు. తండ్రి చేసిన అప్పును అడ్డం పెట్టుకుని పెళ్ళాడమనే డేవిడ్‌ను చూసి తమరు రమణారెడ్డి నడకకు నవ్వుతారు, వాళ్ళు లోన్ యాప్ వాళ్ళను తలుచుకుంటారు. ఇంకో ప్రశ్న కూడా వేస్తారు. మేరీ క్రైస్తవురాలు, రావు హిందువు, పెళ్ళవుతుందా కాదా అని మూడు గంటలు కూర్చోబెట్టి, చివరికి ఆ పిల్ల పుట్టింది హిందువుల ఇంట్లోనే అని తేల్చేస్తే ఎట్లా? మంచి ప్రశ్న. ముడి విప్పకుండా కత్తెర వేశారని మాకూ అనిపిస్తుంది. తమరేమో ‘అప్పట్లో అంతేప్పా’ అని చేయి ఊపేస్తారు. ఉగాది పొద్దున దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి ముస్లింలు టెంకాయలతో వచ్చి స్వామి భార్య బీబీ నాంచారి మా ఆడపడుచు అనే ఊరిది. పిల్లలకు జవాబు చెప్పడానికి ఇంత ఊరు ఉండగా ‘అప్పట్లో అంతే’ ఏంది?

వచ్చే ఆదివారం మళ్ళీ పెడతామంటున్నారు. పొట్టిపాడు మాట ఒక్కసారి, భానుమతి సంగతి భోజనాల దగ్గర. పల్లవి అందరిదీ, చరణం ఎ.ఎం. రాజాది. రిమోట్ బీరువా మీద.

ఇట్లు,
నిద్రపోని నలుగురు ప్రేక్షకులు

తా.క.: పుట్టుమచ్చ కుడికాలికి. పోయిన వారం ‘ఇప్పుడు సూడు, ఎడమకాలు సూపిస్తాది’ అన్నది తమరే.