రిజిస్ట్రేషన్ రోజు అడిగిన మూడు లక్షలు

2022 డిసెంబర్‌లో నల్లగొండలో అమ్మ పేరు మీద ఇల్లు కొన్నాం. మా కుటుంబానికి అదే మొదటి సొంత ఇల్లు. నాయిన ఉద్యోగం చేసిన ముప్పై ఏళ్లలో ఏడు అద్దె ఇళ్లు మారాం. నూట యాభై గజాల ఆ పాత ఇంటి తాళంచెవి అమ్మ చేతికి వచ్చే రోజు పక్కనే ఉండాలని డాలస్ నుంచి మూడు వారాల సెలవు మీద వెళ్లాను.

ధర 48 లక్షలు. అక్టోబర్‌లోనే నాయిన ఐదు లక్షలు బయానా ఇచ్చాడు. రిజిస్ట్రేషన్ రోజు పొద్దున డాక్యుమెంట్ టైపయింది. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం లెక్కన 3,60,000 చలాన్ కట్టేశాం. సాక్షులు వచ్చారు. పదకొండు గంటలప్పుడు ఇల్లు అమ్మే ఆయన మధ్యవర్తిని పక్కకు పిలిచి ఏదో చెప్పాడు. మధ్యవర్తి నా దగ్గరికి వచ్చి, "అన్నా, ఇంకో మూడు లక్షలు ఇస్తేనే సంతకం పెడ్త అంటున్నడు. రేట్లు పెరిగినయంట. మూడు లక్షలంటే మీ డాలర్లల్ల ఎంత!" అన్నాడు.

నాలుగు రోజుల్లో నా తిరుగు ప్రయాణం. ఆ సంగతి వాళ్లకు తెలుసు, ముందురోజు టీ తాగుతూ నేనే చెప్పాను. అమ్మ పట్టుచీర కట్టుకుని బెంచీ మీద కూర్చుని మా వైపే చూస్తోంది. లక్షన్నర దగ్గర బేరం తెగింది. అదీ నగదు. మేనమామ ఇంటికి పరుగెత్తి తెచ్చి ఇచ్చాను. డాక్యుమెంట్‌లో 48 లక్షలే ఉంది, ఆ లక్షన్నర ఏ కాగితంలోనూ లేదు. ఆ డబ్బు ఇచ్చినందుకు ఈరోజుకూ బాధపడుతున్నాను.

ధర కుదిరి, బయానా చేతులు మారాక, సంతకాల దగ్గర అడిగే పెంపుకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకూడదని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను. ముఖ్యంగా విదేశాల్లో ఉన్న మనం అసలే ఇవ్వకూడదు.

అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపల ఆ వీధిలో గజం రేటేమీ మారలేదు. ఆయన లెక్కేసుకున్నది నా టికెట్ తేదీని. మనం ఇచ్చేసి విమానం ఎక్కేస్తాం, కానీ ఆ మాట ఊళ్లో ఉండిపోతుంది. "ఫలానా వాళ్లు ఆఖర్ల లక్షన్నర పెంచిండ్రు" అని పక్క వీధిలో బేరం జరిగేటప్పుడు అదే మధ్యవర్తి చెప్తాడు. అక్కడ కొనేది ఒక స్కూల్ టీచర్ కావచ్చు, ఆసుపత్రిలో నర్సు కావచ్చు, మిర్యాలగూడ రైస్ మిల్లులో గుమస్తా కావచ్చు. వాళ్లకు బ్యాంకు లోన్ కాగితం మీద రాసిన ధరను బట్టే వస్తుంది. పైన అడిగిన మూడు లక్షలు నూటికి రెండు రూపాయల మిత్తికి తేవాలి. నెలకు ఆరు వేలు మిత్తికే పోతాయి, ఈఎంఐ వేరే. నేను తొందరలో వదులుకున్న డబ్బు ఇంకొకరి మొదటి ఇంటి మీద అప్పుగా పడుతుందని ఆ రోజు నాకు తట్టలేదు.

మా తప్పు ఎక్కడ జరిగిందో కూడా చెప్పాలి. నాయిన దగ్గర ఉన్న బయానా కాగితం అరపేజీ. "ఇంటి బాబతు ఐదు లక్షలు ముట్టినవి" అని రాసి సంతకం పెట్టారు, అంతే. మొత్తం ధర ఎంతో లేదు. ఏ తేదీలోపు రిజిస్ట్రేషన్ చేయాలో లేదు. మాట తప్పితే ఏమిటో లేదు. అడిగితే నాయిన "పెద్దమనుషుల ముందర మాట్లాడుకున్నం కదరా" అన్నాడు. ఆయనను తప్పుపట్టలేను. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో మా తాతల తరం భూములు అమ్ముకున్నదీ కొనుక్కున్నదీ తెల్లకాగితాల మీదే. సాదా బైనామా రాసుకుని, ఆ మాట మీదే దశాబ్దాలు దున్నుకుని బతికారు. కానీ రికార్డుల దగ్గరికి వచ్చేసరికి ఆ కాగితాలు నిలబడలేదు. 2014 జూన్ 2కు ముందు జరిగిన సాదా బైనామాలను క్రమబద్ధీకరించడానికి ప్రభుత్వం దరఖాస్తులు తీసుకోవాల్సి వచ్చింది, 2020లో మళ్లీ తీసుకుంది, లక్షల మంది పెట్టుకున్నారు. మాట మీద నిలబడ్డ మనుషులే కాగితం సరిగా లేక ఏళ్లకేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగారు. మాట మీద నిలబడని మనిషి ఎదురైతే అరపేజీ రసీదు ఏం కాపాడుతుంది?

అందుకే అగ్రిమెంట్ స్టాంపు పేపర్ మీద ఉండాలి. తుది ధర అంకెల్లో, అక్షరాల్లో ఉండాలి. రిజిస్ట్రేషన్ ఏ తేదీలోపు, స్టాంపు ఖర్చులు ఎవరివి, లోన్ రాకపోతే ఏమిటి, అమ్మేవాళ్లు వెనక్కి తగ్గితే బయానాకు ఎంత కలిపి తిరిగివ్వాలి, ఇవన్నీ రాయాలి. వీలైతే ఆ అగ్రిమెంట్‌ను రిజిస్టర్ చేయించాలి. అప్పుడది ఈసీలో, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే సర్టిఫికెట్‌లో కనబడుతుంది, అదే ఇల్లు ఇంకొకరికి బేరం పెట్టడం అంత సులువు కాదు. బిల్డర్ దగ్గర కొత్త ఫ్లాట్ అయితే, 2016 నాటి రెరా చట్టం ప్రకారం అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. మాలాగా ఒక మనిషి దగ్గర పాత ఇల్లు కొంటే ఆ రక్షణ లేదు, కాగితమే దిక్కు.

నగదు గురించి ఒక మాట. చివర్లో అడిగే పెంపు దాదాపు ఎప్పుడూ నగదుగానే అడుగుతారు. స్థిరాస్తి అమ్మకం కోసం ఇరవై వేలు, ఆపైన నగదు తీసుకోవడం 2015 జూన్ నుంచి చట్టవిరుద్ధం. తీసుకున్నవాళ్లకు అంతే మొత్తం జరిమానా పడొచ్చు. "బ్యాంకు ద్వారా అయితేనే, డాక్యుమెంట్‌లో రాస్తేనే" అని నేను ఒక్క మాట అని ఉంటే ఆ బేరం అక్కడే ఆగేదేమో.

ఒక సందర్భాన్ని మాత్రం వేరుగా చూస్తాను. చివరి రోజున అమ్మేవాళ్ల అక్కో చెల్లెలో వచ్చి "ఇది మా నాయిన ఆస్తి, నా వాటా ఏది?" అంటే, దాన్ని ఆశ అని కొట్టిపారేయకూడదు. తండ్రి ఆస్తిలో ఆడపిల్లకు హక్కు ఉంది. పూర్వీకుల ఆస్తిలో కొడుకుతో సమానమైన హక్కును హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ ఇచ్చింది. ఆమె సంతకం లేకుండా కొంటే రేపు కోర్టులో మనమే నిలబడాలి. ఆమె వాటా కుదిరిన ధరలోంచే అన్నదమ్ములు ఇవ్వాలి, ఆమె కూడా డాక్యుమెంట్‌లో సంతకం పెట్టాలి. దానికోసం వారం ఆగాల్సి వస్తే ఆగాలి.

మనలో అమ్మేవాళ్లూ ఉన్నారు. భూత్పూర్ వైపు ప్లాట్లు, నల్లగొండలో తాతల ఇళ్లు అమ్మకానికి పెట్టి, ఆఖరి రోజు ఫోన్‌లో "ఇంకో రెండు కలపండి" అనేవాళ్లను ఎరుగుదును. ఇంకొకటి కూడా జరుగుతోంది. అమ్మేవారు ఎన్నారై అయితే, ధర యాభై లక్షల లోపు ఉన్నా సరే, కొనేవారు పన్ను కోసి కట్టాలి, అదీ మామూలు ఒక శాతం కాదు, చాలా ఎక్కువ. ఆ సంగతి ముందే చెప్పకుండా సంతకాల రోజు "ఆ పన్ను మీరే భరించండి" అంటే అదీ పెంపే. అక్కడ నలిగిపోయేది ఊళ్లో కష్టపడి మొదటి ఇల్లు కొనుక్కునే కుటుంబం.

మా బామ్మర్దిది ఇంకో అనుభవం. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీలో పనిచేస్తాడు. 2024లో మహబూబ్‌నగర్‌లో 38 లక్షలకు ఇల్లు మాట్లాడుకుని మూడు లక్షలు బయానా ఇచ్చాడు. ఒక్క రోజు ముందు ఇంకో రెండు లక్షలు అడిగారు. అతను పెంచలేదు. అగ్రిమెంట్‌లో రాసిన తేదీకి లోన్ మంజూరు పత్రం పట్టుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి, సాయంత్రం దాకా కూర్చున్నాడు. ఆ వారమే లాయర్ నోటీసు పంపాడు. డబ్బుతో సిద్ధంగా ఉన్నామని చూపించగలిగితే, అగ్రిమెంట్ ప్రకారం అమ్మమని మూడేళ్లలోపు కోర్టుకు వెళ్లొచ్చు. ఒప్పందాలను అమలు చేయించే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 2018 సవరణ తర్వాత కొనేవారి వైపు ఇంకాస్త గట్టిగా నిలబడింది.

అతను కోర్టుకు వెళ్లలేదు. నోటీసు తర్వాత బయానా మూడు విడతల్లో తిరిగి వచ్చింది, ఏడు నెలలు పట్టింది. ఇల్లు పోయింది. మా చెల్లెలు నెల రోజులు ఆ వీధి వైపు వెళ్లలేకపోయింది, వంటింట్లో ఏది ఎక్కడ పెట్టాలో కూడా అనుకుని ఉంది పాపం. ఇంకో ఏడాది అద్దె కట్టారు. నేను ఇవ్వకూడదు అంటున్నప్పుడు ఈ టెన్షన్, ఈ బాధ నాకు తెలియకుండా అనడం లేదు. అయినా అతను చేసిందే సరైనదని నా అభిప్రాయం. కావాలంటే వదులుకుని వెళ్లిపోగలను అని ముందే గుండెలో అనుకున్నవాళ్లే అలా కూర్చోగలరు.

నేను అలా కూర్చోలేకపోవడానికి కారణం టికెట్ అని చాలాకాలం అనుకున్నాను. ఇల్లు అమ్మ పేరు మీద. సంతకం అమ్మది. నేను అక్కడ లేకపోయినా రిజిస్ట్రేషన్ ఆగేది కాదు. చూడాలన్న నా ఆశే మా బేరాన్ని బలహీనం చేసింది. సొంత పేరు మీద కొనేవాళ్లు కూడా కాన్సులేట్‌లో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీని నమ్మకమైనవాళ్లకు పంపొచ్చు. అది ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు అక్కడ స్టాంపు వేయించాలి, మరిచిపోవద్దు.

ఈ ఏడాది బామ్మర్ది భూత్పూర్ రోడ్డులో ఇంకో ఇల్లు మాట్లాడుకున్నాడు. అగ్రిమెంట్ నాలుగు పేజీలు, ప్రతి పేజీ మీద రెండు వైపులవాళ్ల సంతకాలు. ఫొటోలు తీసి పంపి, "రిజిస్ట్రేషన్‌కు వస్తవా బావా?" అని అడిగాడు. రానన్నాను. గృహప్రవేశం తేదీ పెట్టుకోమని, దానికి టికెట్ కొంటానని చెప్పాను.