పాట ఒక్కటీ అడ్డం రాకుంటే

విద్యార్థులు తీసే మ్యూజిక్ వీడియోల్లో ఉన్న ఒకే ఒక లోపం పాట. అది లేకుంటే తిరుపతి కాలేజీల నుంచి ఏటా ఎన్ని కళాఖండాలు వచ్చేవో! పాటకు తాళం ఉంటుంది. పెదాలు దాంతో పాటే కదలాలని పట్టుబడుతుంది. పైగా మూడు నిమిషాల్లో అయిపోతుంది. ఇంత మొండిదాన్ని నెత్తిన పెట్టుకుని షూటింగ్ చేసే పిల్లల ఓపికకు దండం పెట్టాలి.

లొకేషన్ సంగతి చూడండి. తిరుమల కొండ మీద డ్రోన్ ఎగరేయడం నిషేధం. కాబట్టి డ్రోన్ అద్దెకు తెచ్చినవాడి కన్ను చంద్రగిరి కోట మీద పడుతుంది. (డ్రోన్ తెచ్చినవాడే డైరెక్టర్. ఇందులో వాదనకు తావులేదు.) ఆ కోటలోని రాజమహల్ పురావస్తు శాఖ రక్షణలో ఉంది, అక్కడ ట్రైపాడ్ పెట్టాలన్నా అనుమతి కావాలి. ఈ సంగతి గేటు దగ్గరే తెలుస్తుంది. "సామీ, ఆ స్టాండు లోపలికి తీసకపోగూడదు" అని కాపలా ఆయన అనగానే యూనిట్ మొత్తం తలకోనకు బండ్లు తిప్పుతుంది. అక్కడ 270 అడుగుల ఎత్తు నుంచి నీళ్లు దూకుతుంటాయి. ఆ హోరులో బ్లూటూత్ స్పీకర్‌లో మోగే పాట దాన్ని పట్టుకున్నవాడికే వినపడదు. హీరో తన మనసులో మోగే పాటకు పెదాలు కదుపుతాడు. అది ఏ పాటో ఎడిటర్‌కు ఇప్పటికీ అంతుపట్టలేదు.

స్లోమోషన్‌కూ పాటే శత్రువు. సెకనుకు 50 ఫ్రేములు తీసి 25లో ఆడిస్తే కదలిక సగం వేగానికి వస్తుంది. అప్పుడు పెదాలు కలవాలంటే షూటింగ్‌లో పాటను రెట్టింపు వేగంతో పెట్టి, హీరో గబగబా పాడాలి. అలా పాడితే హుందాతనం ఏం కావాలి? అందుకే మామూలుగానే పాడతాడు. తెర మీద పల్లవంతా ఆవులిస్తున్నట్టు వస్తుంది. దాన్ని ఫీల్ అంటారు. మన కరెంటు 50 హెర్ట్జ్ గనక కెమెరా షటర్ సెకనులో 1/50 వంతులోనో 1/100 వంతులోనో పెట్టకపోతే హాస్టల్ వరండాలో ట్యూబ్‌లైట్లు రెపరెపలాడతాయి. దాన్ని మూడ్ అంటారు.

అసలు కళ ఎడిటింగ్ దగ్గర మొదలవుతుంది. ఎడిటింగంటే షాట్లు కలపడమని పుస్తకాలు రాసేవాళ్లు అనుకుంటారు. కాదు, అది పొలం గట్ల పంచాయితీ. పెట్రోల్ పోయించినవాడికి రెండు క్లోజప్‌లు రావాలి. కెమెరా ఇచ్చినవాడి తమ్ముడు వెనకాల నడిచిన షాట్ ఉండి తీరాలి. "అన్నా, నాది మూడు సెకన్లే పెట్నావే" అని అర్ధరాత్రి ఫోన్లు వస్తాయి. ఎడిటర్ ఏ ముక్క ఎక్కడ తాళానికి పడుతుందో చూడడం మానేసి, ఎవరు అలగకుండా ఉంటారో చూస్తాడు. ల్యాప్‌టాప్‌లో ఫైనల్, ఫైనల్ కొత్తది, సార్ చెప్పిన ఫైనల్ అని ఫైళ్లు పెరుగుతాయి. రాత్రుళ్లు కూర్చుని దిద్దిన రంగులన్నీ చివరికి వాట్సాప్ గ్రూపులో పడి, నలిగి, మసకబారి జనానికి చేరతాయి.

ఇక ప్రివ్యూలో హెచ్‌ఓడీ గారు కాలేజీ గేటు కనబడలేదన్నారు. న్యాయమైన మాటే. గేటు, బోర్డు, ప్రిన్సిపాల్ గారి నమస్కారం చేర్చేసరికి నిడివి పెరిగింది. అందరూ కూర్చుని తర్జనభర్జన పడి, ఎవరి మొహమూ పోకుండా రెండో చరణం కోసేశారు. ఆ చరణం రాసిన కుర్రాడు ఏమీ అనలేదు. తలకోనకు తన బండి కూడా ఇచ్చాడు కాబట్టి అతని పేరు ట్రాన్స్‌పోర్ట్ కింద వేశారు.