చీకటి పడితే గేటు దాటొద్దా? బార్బడోస్ రాత్రుల మీద తిరుగుతున్న మెసేజ్‌కు జవాబు

సెలవులు దగ్గర పడితే చాలు, అమెరికాలోని మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. ‘కరీబియన్ వెళ్తున్నారా? ఇది తప్పక చదవండి’ అని ఉంటుంది పైన. కింద ఉండేది ఇదీ: ఆ దీవులన్నీ ఒకటే. నైట్‌లైఫ్ అంటే క్లబ్బులూ తాగుడూ తప్ప ఏమీ లేదు. అక్కడి జనానికి పనీపాటా ఉండదు, రాత్రంతా గంతులే. శాకాహారులకు బయట తిండి దొరకదు. టాక్సీ ఎక్కితే దోపిడీ. బీచ్‌లో రాత్రి చీకటి తప్ప చూడ్డానికేమీ ఉండదు. పెద్దవాళ్లు, పిల్లలు ఉంటే చీకటి పడ్డాక రిసార్టు గేటు దాటకండి. అన్నీ కలిపిన ప్యాకేజీ తీసుకుని లోపలే ఉండండి.

పోయిన జులైలో మా అమ్మానాన్నలు చిత్తూరు నుంచి వచ్చారు. వాళ్లనీ మా ఎనిమిదేళ్ల బాబునీ తీసుకుని బార్బడోస్ వెళ్లాం. ఈ మెసేజ్ చదివిన టెన్షన్‌లో మొదటి రెండు రాత్రులు ఎవరినీ గేటు దాటనివ్వలేదు నేను. ఆ రెండు రాత్రులు ఊరికే పోయాయన్న బాధ ఇప్పటికీ ఉంది. ఇంకొకరికి అలా జరగకూడదని ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

అన్ని దీవులూ ఒకటే అన్నది మొదటి తప్పు. జమైకా రాజధాని కింగ్‌స్టన్ నుంచి బార్బడోస్ రాజధాని బ్రిడ్జ్‌టౌన్‌కు దాదాపు 1,900 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి శ్రీనగర్ ఎంతో అంత. మధ్యలో దేశాలు వేరు, చట్టాలు వేరు, మార్టినిక్‌లో ఫ్రెంచి, క్యూబాలో స్పానిష్. ఒకచోట ఎవరికో ఏదో జరిగిందని అన్ని దీవుల్లోనూ తలుపులేసుకుని కూర్చోవాలనడం ఏం న్యాయం? నేను చూసింది బార్బడోస్ కాబట్టి దాని సంగతే చెబుతాను. 34 కిలోమీటర్ల పొడవు, 23 కిలోమీటర్ల వెడల్పు, మూడు లక్షల లోపు జనం. 2024 జూన్ 29న మనవాళ్లు దక్షిణాఫ్రికాను 7 పరుగులతో ఓడించి టీ20 ప్రపంచకప్ అందుకున్న కెన్సింగ్టన్ ఓవల్ ఇక్కడిదే. బ్రిడ్జ్‌టౌన్, మా చిత్తూరు దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. జులైలో అక్కడా ఆరున్నరకల్లా పొద్దు గూకుతుంది.

ఇక క్లబ్బులు, తాగుడు. లేవని అనను. దక్షిణ తీరంలో సెయింట్ లారెన్స్ గ్యాప్ అని ఒక వీధి ఉంది, బార్లూ హోటళ్లూ డాన్స్ ఫ్లోర్లూ అక్కడే. కావలసినవాళ్లు వెళ్లొచ్చు. కానీ ఆ దీవి జనం వారమంతా ఎదురుచూసే రాత్రి అది కాదు. శుక్రవారం సాయంత్రం మేం ఆయిస్టిన్స్ అనే జాలరుల ఊరికి వెళ్లాం. పగలు అక్కడ చేపల మార్కెట్. రాత్రయితే ఆ పక్కనే వరసగా కొట్లు, ఆరుబయట పొడుగు బల్లలు, నిప్పుల మీద చేప కాలుతున్న పొగ. ఎగిరే చేప, మార్లిన్, డాల్ఫిన్ అని బోర్డుల మీద రాసి ఉంది. (అక్కడ డాల్ఫిన్ అంటే మాహి మాహి అనే చేప. మనకు తెలిసిన డాల్ఫిన్ కాదు. ఈ సంగతి తెలిసేలోపే మా బాబు కళ్లనీళ్లు పెట్టేసుకున్నాడు.)

వేదిక వైపు పెద్ద స్పీకర్లు, కుర్రకారు. రెండో వైపు, కొంచెం నెమ్మదిగా ఉన్నచోట, పాతకాలపు పాటలు పెట్టుకుని డెబ్బై దాటిన జంటలు డాన్స్ చేస్తున్నాయి. ఒక పెద్దాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, టోపీ పెట్టుకుని, పూల గౌను వేసుకున్న భార్య చెయ్యి పట్టుకుని ఒక్క అడుగు తడబడకుండా తిరుగుతున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు వింతగా చూడ్డం లేదు, వీడియో తీయడం లేదు. వాళ్లకది వారం వారం ఉండేదే. ఇంకొంచెం అవతల నలుగురు డామినోలు, అంటే చుక్కల బిళ్లల ఆట, ఆడుతున్నారు. బిళ్లను బల్ల మీద పెట్టడం కాదు, ఠపీమని కొట్టడమే. నాన్న అక్కడే నిలబడిపోయారు. ఆడేవాళ్లలో ఒకాయన కుర్చీ ఖాళీ చేసి కూర్చోమన్నాడు. రెండాటలు చూసేసరికి నాన్నకు కిటుకు అందింది. మూడో ఆటలో ఏ బిళ్ల వేయాలో వేలితో చూపిస్తూ ఉన్నారు, వాళ్లు నవ్వుతూ అదే వేస్తున్నారు. ఒకరి మాట ఒకరికి సగం కూడా అర్థం కాదు. అమ్మ నా చెవిలో, ‘ఇదేం క్లబ్బు తల్లీ, మన గంగజాతర మాదిరి ఉండాదే’ అంది. పసిపిల్లలు తల్లుల ఒళ్లో నిద్రపోతున్నారు. ఫ్యామిలీతో వెళ్లే చోటు కాదని రాసినవాళ్లు ఈ ఊరు చూసి ఉండరు.

ఇలా పనేమీ పెట్టుకోకుండా నలుగురూ చేరి పొద్దుపుచ్చడాన్ని అక్కడ లైమింగ్ అంటారు. అరుగుల మీద కూర్చుని పెరిగినవాళ్లకు దాన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది ‘వాళ్లకు పనీపాటా ఉండదు’ అన్న వాక్యం. బార్బడోస్ చెరకు తోటల దీవి. ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల చెమటతోనే ఆ తోటలు నడిచాయి. 1688లో అక్కడి తెల్ల దొరలు చేసిన చట్టం ప్రకారం బానిసల ఇళ్లు సోదా చేసి, డప్పులు గానీ కొమ్ముబూరలు గానీ దొరికితే తగలబెట్టాలి. డప్పు చప్పుడుతో జనం కూడగట్టుకుని తిరగబడతారని భయం. 1834లో బానిసత్వం రద్దయిందన్నా, అప్రెంటిస్‌లనే పేరు పెట్టి 1838 దాకా ఆ తోటల్లోనే జీతం లేకుండా చాకిరీ చేయించుకున్నారు. ఇప్పుడు అక్కడి వీధుల్లో టక్ బ్యాండ్ అని ఒకటి వినిపిస్తుంది. ఒక పెద్ద డోలు, ఒక చిన్న డ్రమ్ము, ఒక సన్నని పిల్లంగోవి. చూడ్డానికి బ్రిటిష్ సైనికుల బ్యాండులా ఉంటుంది, దరువు మాత్రం ఆఫ్రికాది. డప్పు కొడితే శిక్ష పడ్డ చోట దరువును ఇలా దాచుకుని బతికించుకున్నారు. మాకు అది ఒక పెట్రోలు బంకు పక్కన వినిపించింది. కారు ఆపి పావుగంట నిలబడ్డాం.

క్రాప్ ఓవర్ పండుగ కూడా చెరకు కోతలు ముగిసినప్పుడు చేసుకున్నదే. చక్కెర గిరాకీ పడిపోయాక మధ్యలో ఆగిపోయి, 1974లో మళ్లీ మొదలైంది. ఆగస్టు మొదటి సోమవారం గ్రాండ్ కడూమెంట్ ఊరేగింపుతో ముగుస్తుంది. దానికి ముందు ఫోర్‌డే మార్నింగ్ అనే రాత్రి ఉంటుంది. ఆ రాత్రి మొదలుపెట్టి తెల్లవారేదాకా ఒంటినిండా రంగులూ బురదా పూసుకుని వీధుల్లో ఆడతారు. మన సంక్రాంతి చూసి వెళ్లి ‘ఈ జనానికి పని లేదు’ అని ఎవరైనా రాస్తే మనకెలా ఉంటుంది?

తిండి సంగతి. మా అమ్మ గుడ్డు కూడా ముట్టదు, కాబట్టి ఇది పరీక్షించి చెబుతున్న మాట. అక్కడ అన్నంలో వేసి వండే ‘పీస్’ అనే గింజలు చాలాసార్లు మన కందులే. సీమపనస కాల్చి అమ్ముతారు, మాగిన అరటిపండు వేయిస్తారు. అమ్మను ఆశ్చర్యపరిచింది మాత్రం కూకూ. మొక్కజొన్న పిండినీ బెండకాయనూ కలిపి చెక్క తెడ్డుతో గెలికి గెలికి చేస్తారు. అచ్చం సంగటి చేసినట్టే, తెడ్డుతో సహా. చేప పులుసుతో ఇస్తారు కాబట్టి పులుసు వద్దని ముందే చెప్పాలి. అడగాల్సినవి ఇంకో రెండున్నాయి. అన్నంలో కొందరు ఉప్పు మాంసం వేస్తారు, ‘మెకరోనీ పై’ అనే వంటకంలో కొందరు గుడ్డు కలుపుతారు. అడిగితే విసుక్కోకుండా చెప్పారు. ఆవాలు వేసి నూరిన పసుప్పచ్చ మిరపకారం ప్రతి బల్ల మీదా ఉంటుంది. మనవాళ్లకు అదొక్కటి చాలు. తాగనివాళ్లకు మాబీ అని చెట్టు బెరడు మరిగించి చేసే షర్బత్ దొరుకుతుంది. నన్నారి గుర్తొస్తుంది గానీ చేదు. నాన్న రెండు గ్లాసులు తాగారు.

భయం విషయంలో నిజాయితీగా ఉండాలి. ఈ మధ్య ఏళ్లలో అక్కడ తుపాకీ హత్యలు పెరిగాయి, అక్కడి జనమే ఆందోళన పడుతున్నారు. జనం లేని బీచ్‌లో రాత్రిపూట ఒంటరిగా నడవకూడదు. షాపులు మూశాక బ్రిడ్జ్‌టౌన్ ఖాళీ వీధుల్లో తిరగకూడదు. నగలు దిగేసుకుని వెళ్లకూడదు. అయితే ఇవి వేరు, గేటే దాటొద్దనడం వేరు. పైగా నిజంగా చెప్పాల్సిన జాగ్రత్త ఆ మెసేజ్‌లో లేనే లేదు. మిలిటరీ వాళ్ల మచ్చల డిజైన్ బట్టలు, అదే క్యామఫ్లాజ్, అక్కడ మామూలు జనం వేసుకోవడం నేరం. పిల్లల నిక్కర్లకూ వర్తిస్తుంది. పెట్టె సర్దేటప్పుడే చూసుకోండి.

టాక్సీల నంబర్ ప్లేటు జెడ్ అక్షరంతో మొదలవుతుంది. మీటర్లు ఉండవు, ఎక్కేముందే రేటు మాట్లాడుకోవాలి, ఏ డాలర్లలో అన్నది కూడా. రెండు బార్బడోస్ డాలర్లు ఒక అమెరికన్ డాలరుకు సమానం. మా మొదటి టాక్సీలో ‘నలభై’ అంటే అమెరికా నలభై ఇచ్చేశాం, అంటే రెట్టింపు. ఆయన చెప్పలేదు, మేం అడగలేదు. మర్నాటి నుంచి అడిగాం, మళ్లీ అలా జరగలేదు. బస్సయితే మనిషికి మూడున్నర బార్బడోస్ డాలర్లే. జెడ్‌ఆర్ అనే చిన్న వ్యాన్లూ అంతే తీసుకుంటాయి, కాకపోతే ఇరుకు, పాటల మోత.

రాత్రి బీచ్‌లో ఏమీ ఉండదన్న మాటకు జవాబు మా హోటల్ ముందే దొరికింది. వేసవి నెలల్లో హాక్స్‌బిల్ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి రాత్రిపూట ఒడ్డుకొస్తాయి, మన విశాఖ తీరానికి ఆలివ్ రిడ్లీలు వచ్చినట్టే. టార్చి వేయొద్దని, దూరంగా నిలబడమని కాపలా అతను చెప్పాడు. ఒక తల్లి తాబేలు వెనక కాళ్లతో ఇసుక తోడుతుంటే మా బాబు ఊపిరి బిగబట్టి చూశాడు. తీరంలో లైట్ల వెలుగుకు పిల్ల తాబేళ్లు సముద్రం ఎటుందో తెలియక దారి తప్పుతాయట. వాటి కోసం పనిచేసే బార్బడోస్ సీ టర్టిల్ ప్రాజెక్ట్ వాళ్లకు ఫోన్ చేస్తే వస్తారని కూడా అతనే చెప్పాడు. చుట్టూ చెట్లలో గోరంత కప్పలు ఈల వేసినట్టు అరుస్తూనే ఉన్నాయి. మొదటి రెండు రాత్రులూ ఏసీ గదిలో తలుపులేసుకుని ఉన్నాం కాబట్టి అవి మాకు వినబడలేదు.

ప్యాకేజీ వద్దనను, పెద్దవాళ్లకు సుఖంగానే ఉంటుంది. రాత్రి భోజనం కలపని ప్యాకేజీ ఉంటే అది తీసుకోండి, లేకపోతే డబ్బు కట్టాం కదా అని బఫే దగ్గరే ఆగిపోతాం. టికెట్లు బుక్ చేసేటప్పుడు శుక్రవారం రాత్రి దీవిలో ఉండేలా చూసుకోండి. శనివారం పొద్దున్నే ఫ్లైట్ మాత్రం పెట్టుకోవద్దు.