కథల్లోని అమెరికా కొడుక్కి ఓ బాబాయి ఉత్తరం

చిరంజీవి అమెరికా కొడుక్కి,

బాబాయి ఆశీర్వదించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, నా కథల్లో నువ్వు గానీ మీ నాన్న గానీ కుశలంగా ఉన్న దాఖలా ఒక్కటీ లేదు. అందుకని ఆ మాట వదిలేస్తున్నాను.

నన్ను గుర్తుపట్టావా? పద్నాలుగు కథల్లో నీ చేత కన్నతండ్రి అంత్యక్రియలు ఎగ్గొట్టించినవాణ్ణి. కొన్నింట్లో నీ పేరు రవి, కొన్నింట్లో కిరణ్. ఒకసారి మొదటి పేజీలో రవివి, మూడో పేజీకొచ్చేసరికి కిరణ్‌వి అయిపోయావు. ఆ సంగతి ఎడిటరుగారికీ తెలియలేదు, ఉత్తరాలు రాసిన పాఠకులకీ తెలియలేదు. పైగా ఆ కథకి దీపావళి పోటీలో ప్రోత్సాహక బహుమతి వచ్చింది. పేరు మారినా ఎవరికీ తేడా తెలియని మనిషివి నువ్వు. ఆ పాపం నాదే.

ఇన్నేళ్లలో నీకు నేనిచ్చిన మాటలు రెండంటే రెండు. ఒకటి "లీవు దొరకదు డాడ్". రెండోది "డబ్బు పంపిస్తా, ఎంత కావాలి?" శంషాబాద్‌లో విమానం ఎక్కేదాకా నాన్నా అని పిలిచినవాడివి, అక్కడ దిగీ దిగగానే డాడ్ అనేశావు. మధ్యలో దుబాయ్‌లో ఆగినప్పుడు ఏమని పిలిచావో నేను ఆలోచించలేదు. నీ కాపురం "అమెరికాలో". దానికో ఊరు లేదు, వీధి లేదు. ఎప్పుడూ మంచు పడుతూ ఉంటుంది. ఒకసారి డాలస్ అని రాసి, మే నెలలో కూడా మంచు కురిపించాను. మీ ఆవిడకి ఒక జీన్స్ ప్యాంటు, ఒక విసుగు ఇచ్చాను. పేరు పెట్టడం మర్చిపోయాను.

మీ నాన్న మాత్రం రిటైర్డ్ హెడ్మాస్టరు. పడక్కుర్చీ, పాత రేడియో, బీపీ మాత్రలు. మీ అమ్మ తులసికోట దగ్గర ఉంటుంది. వంటింట్లో ఎప్పుడుంటుందో తెలీదు, కాఫీ మాత్రం వేళకి వచ్చేస్తుంది. ఆఖర్న తలకొరివి పెట్టేది మీ ఇంట్లో అద్దెకుండే కుర్రాడు. వాడు ఏం చదివాడో, అద్దె సరిగ్గా కడతాడో లేదో నాకు ఇవాళ్టికీ తెలీదు.

ఇ.ఎం. ఫార్‌స్టర్ అనే ఇంగ్లీషు రచయిత 1927లోనే పాత్రల్ని రెండు రకాలుగా విడగొట్టాడు. బల్లపరుపువి, గుండ్రటివి. నమ్మేలా ఉంటూనే మనల్ని ఆశ్చర్యపరిస్తే ఆ పాత్ర గుండ్రటిదన్నాడు. ఆ లెక్కన నువ్వు పూతరేకువి. ఈ మాట ఆత్రేయపురం వాళ్లు వింటే నొచ్చుకుంటారేమో, వాళ్ల రేకులో మడతమడతకీ బెల్లమూ నెయ్యీ ఉంటాయి.

నేనేమీ ప్రయత్నం చేయలేదనుకోకు. ఒకసారి కథా కార్యశాలకు వెళ్తే పాత్ర వివరాల ఫారం ఒకటి ఇచ్చారు, రేషన్ కార్డు దరఖాస్తులాగా. ఇష్టమైన రంగు, ఇష్టమైన కూర, చిన్నప్పటి భయం. నీ తరఫున నేనే నింపాను. నీలం, గుత్తివంకాయ, బల్లి. పద్నాలుగు కథల్లోనూ ఒక్క బల్లి కూడా రాలేదు. నీకిష్టమైన కూర తెలుసు గానీ నీ వీసా ఎప్పుడు అయిపోతుందో తెలీదు. ఆ ఫారంలో ఆ గడి లేదు మరి.

గురజాడవారు కన్యాశుల్కాన్ని 1897లో అచ్చేశాక కూడా వదలకుండా, బాగా పెంచి, తిరగరాసి 1909లో మళ్లీ వేశారు. పన్నెండేళ్లు! గిరీశం కోతలు కోస్తాడు, బాకీలు ఎగ్గొడతాడు, అయినా ఎదురుగా వస్తే కుర్చీ వేసి కూర్చోబెట్టాలనిపిస్తుంది. నీకు నేను కేటాయించింది పోటీ గడువుకి ముందురోజు రాత్రి, అది కూడా కరెంటు ఉన్నంతసేపు.

ఇక అసలు విషయం. మా అక్క కొడుకు డాలస్‌లో ఉంటాడు. పోయినసారి వచ్చినప్పుడు హాల్లో చాప మీద పడుకుని నా పద్నాలుగో కథ చదివాడు. చదివి, పేజీలో వేలు పెట్టుకుని అడిగాడు.

"బావుంది మావయ్యా. ఒక్క డౌటు. వీడికి స్టాంపింగ్ ఉందా?"

"ఏం స్టాంపురా?"

లేచి కూర్చున్నాడు. హెచ్-1బి అనే ఉద్యోగ వీసా మూడేళ్లకిస్తారట, ఇంకో మూడేళ్లు పొడిగిస్తారట. పొడిగించినట్టు ఐ-797 అని కాగితం వస్తుంది. అది ఉంటే అక్కడ ఉండొచ్చు, ఉద్యోగం చేసుకోవచ్చు. కానీ పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు అయిపోయాక దేశం దాటితే, మళ్లీ కాన్సులేటులో స్టాంపు వేయించుకునేదాకా తిరిగి వెళ్లడానికి లేదు. అపాయింట్‌మెంటు ఎప్పుడు దొరుకుతుందో ఎవరూ చెప్పలేరు. ఈలోగా ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి, లేదా సామాను సర్దుకోవాలి. పోనీ గ్రీన్‌కార్డు తీసుకోరా అంటే, ఏటా ఇచ్చేవాటిలో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించి ఇవ్వరు, మనవాళ్ల క్యూ ఏళ్ల తరబడి కదలదు అన్నాడు. నేను కళ్లజోడు తుడుచుకుంటూ విన్నాను. హైదరాబాదుకి కాన్సులేటు 2008లోనే వచ్చింది కదా, 2015లో రాసిన కథలో కూడా నిన్ను వీసా కోసం చెన్నై రైలెక్కించాను. అది వాడు చూడలేదు, నేను చెప్పలేదు.

"మరి ఆ మాటే ఇంట్లో చెప్పొచ్చు కదరా?" అన్నాను.

"ఏమని చెప్తాం మావయ్యా? ఇక్కడ నాన్న పోయాడని అమ్మ ఏడుస్తుంటే, అక్కణ్ణించి నేను స్టాంపింగ్ గురించి పాఠం చెప్పనా? అందుకే లీవు దొరకలేదని అనేస్తారు. అదైతే ఎవరికైనా అర్థమవుతుంది. తిట్టుకుంటారు, అంతే."

చూశావా! పద్నాలుగు కథల్లో నీ నోట నేను పెట్టిన మాటే. అది అబద్ధమని, కావాలని ఆడిన అబద్ధమని రాసిన నాకే తెలియలేదు.

వాడు ఇంకోటి చెప్పాడు. ఇండియా నంబరు అపరాత్రి మోగిందంటే వెంటనే ఎత్తడట. ఫోను పట్టుకుని బాత్‌రూంలోకి వెళ్లి, తలుపేసి, ఫ్యాను వేసి, అప్పుడు ఎత్తుతాడట. ఫ్యాను ఎందుకురా అంటే, ఏడుపొస్తే పిల్లలకి వినపడకూడదని. పోయిన మే నెలలో తెల్లవారుజామున మూడింటికి అలాగే మోగింది. తలుపేశాడు, ఫ్యాను వేశాడు. ఎత్తితే మా అక్క. ఇక్కడ మధ్యాహ్నం ఒంటిగంటన్నర, భోజనాలయ్యాయి, మామిడి ముక్కలు గుడ్డ మీద ఆరుతున్నాయి. "ఒరే, ఈసారి బెల్లం ఆవకాయ పెట్టనా, వెల్లుల్లి ఆవకాయ పెట్టనా?" వీడు వాష్‌బేసిన్ పట్టుకుని నిలబడి, "రెండూ పెట్టమ్మా" అన్నాడట. మళ్లీ నిద్ర పట్టలేదట. ఆఫీసులో పొద్దున్నే మీటింగు ఉందట.

ఆ బాత్‌రూం ఫ్యాను ముందు నేను నింపిన ఫారం, అందులోని నీలం రంగూ బల్లీ ఎందుకూ పనికిరావు నాయనా.

ఇంకా దాచి లాభం లేదు, మీ నాన్న విషయంలోనూ నేను అన్యాయమే చేశాను. పద్నాలుగు కథల్లోనూ ఆయన "ఈ డాలర్ల మోజు ఏమిట్రా" అంటూనే పోయాడు. కానీ చిలుకూరు వెళ్లి నీ వీసా కోసం పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకున్నది ఎవరు? వీసా వచ్చాక మొక్కు తీర్చడానికి 108 చేసింది ఎవరు? మొత్తం 119 చుట్లు, ఆ మోకాళ్లతో. నా కథల్లో ఒక్క చుట్టు కూడా లేదు. పెళ్లిళ్లలో "మావాడు స్టేట్స్‌లో" అని, ఎవరూ అడక్కపోయినా చెప్పేవాడు. నీ డాలర్ల జీతాన్ని రూపాయల్లోకి మార్చి చెప్పేవాడు. ఆ లెక్క మాత్రం హెడ్మాస్టరుగారు ఎన్నడూ తప్పలేదు. ఇదంతా నాకు తెలుసు. మా బావనే దగ్గరుండి చూశాను కదా. ఎందుకు రాయలేదంటే, రాస్తే తప్పు ఎవరిదో తేలదు. తప్పెవరిదో తేలకపోతే బహుమతి రాదేమోనని భయం.

ఇప్పుడు పదిహేనో కథ మొదలుపెట్టాను. రెండు పేజీలయ్యాయి. నీకో పేరు పెట్టాను, అది మూడో పేజీలో కూడా అదే ఉంటుంది. మీ ఆవిడకీ ఒకటి పెట్టాను. ఆవిడకి షుగరుందని, మీ అమ్మతో రోజూ మాట్లాడేది నిజానికి నువ్వు కాదు ఆవిడేనని రాస్తూ ఉండగా తెలిసింది. ఫోను మోగింది, నువ్వు బాత్‌రూంలో ఉన్నావు, ఫ్యాను తిరుగుతోంది. ఇక్కడ ఆస్పత్రి వరండాలో మీ బాబాయి, అంటే నేనే, ఫోను చెవికి ఆనించుకుని నిలబడ్డాను. నాలుగు రోజులుగా అక్కడే నిలబడి ఉన్నాను. నువ్వు ఎత్తితే ఏమంటావో ఎంత తన్నుకున్నా రావడం లేదు.

అందుకని నీకే రాస్తున్నాను. నీ ఐ-797 ఏ తేదీ దాకా ఉందో, పాస్‌పోర్టులో స్టాంపు ఉందో లేదో వెంటనే తెలియజేయి. ఉంటే టికెట్టు నేనే కొనిపెడతాను, కథ ఎటు పోతే అటు పోతుంది. లేదంటే ఆ సంగతీ రాయి. అంతవరకు మీ నాన్నని ఎలాగోలా వెంటిలేటరు మీద ఉంచుతాను. పోటీ గడువు ఈ నెల ముప్పయ్యో తారీకు.

ఇట్లు,
మీ బాబాయి

తా.క.: ఆవకాయ రెండు రకాలూ కట్టి పెట్టారు. ఒక్కో పెట్టెకి 23 కిలోలే అంటున్నారు, త్రాసుతో తూచితే రెండు కిలోలు ఎక్కువొచ్చింది. ఏది తీసెయ్యమంటావో అది కూడా రాయి.